కూలెంట్ కారుతోందా? బెజవాడ ఎండల్లో తక్కువ ఖర్చుతో బండిని కాపాడుకునే పద్ధతి

కారు కింద పచ్చగానో ఎర్రగానో నీళ్లు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్, కనబడగానే చాలామంది చేసేవి రెండే పనులు. కుళాయి నీళ్లు పోసేసి నడపడం, లేదంటే నేరుగా షెడ్డుకెళ్లి "ఏదో కారుతోంది, చూడు బాబాయ్" అని తాళాలు చేతిలో పెట్టడం. మొదటి దాంట్లో ఇంజన్ పోతుంది, రెండో దాంట్లో డబ్బు పోతుంది. ఈ రెండూ కాక ఇంకో దారి ఉంది. కారేది ఎక్కడో ముందు మనమే పట్టుకోవడం. దానికి ఒక టార్చి, నాలుగు పాత న్యూస్‌పేపర్లు, ఆదివారం పొద్దుట కాస్త తీరిక ఉంటే సరిపోతుంది.

కూలెంట్ లీకు అసలు చవక జబ్బు. చాలాసార్లు క్లిప్పు వదులవడమో, మూత రబ్బరు ఎండిపోవడమో, పైపు చివర పగలడమో అయి ఉంటుంది. వందల్లో తేలిపోతుంది. అదే లీకుతో బండిని మరిగించుకుంటూ తిరిగితే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగుతుంది, దాని కింద అతుకును మూసి ఉంచే గ్యాస్కెట్ పోతుంది. హెడ్ దించి, లేత్ మీద ఫేసింగ్ కొట్టించి (చదును చేయించి), మళ్లీ ఎక్కించేసరికి చిన్న కారుకైనా పది, పదిహేను వేలు దాటుతుంది. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ దీనికి పైసా ఇవ్వదు. యాక్సిడెంట్ కాదు, యాంత్రిక లోపం అని పక్కన పెడతారు. రోహిణి కార్తె ఎండల్లో బెజవాడలోనో గుంటూరులోనో ఆ దశకు రావడానికి ఎక్కువ దూరం నడపక్కర్లేదు.

రోడ్డు మీద వేడెక్కితే

డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పాకుతుంటే ముందు ఏసీ కట్టేయండి. అద్దాలు దించి, హీటర్‌ను పూర్తి వేడి మీద, బ్లోయర్‌ను పూర్తి వేగం మీద పెట్టండి. మే నెల మధ్యాహ్నం హీటర్ వేయమంటే తిట్టుకుంటారని తెలుసు. కానీ డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ వేడిలో కొంత తీసి మీ మొహాన కొడుతుంది, అంత మేర ఇంజన్‌కు ఊపిరి దొరుకుతుంది. కనకదుర్గ వారధి మీదో, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీదో ఆగే చోటు లేనప్పుడు కిందికి దిగేదాకా ఇది పనికొస్తుంది. అయినా ముల్లు దిగలేదు, లేదా ఎర్ర దీపం వెలిగింది, లేదా బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది అంటే ఇక "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి.

ముల్లును పూర్తిగా నమ్మకండి కూడా. కూలెంట్ బాగా తగ్గిపోయాక సెన్సర్ చుట్టూ నీళ్లుండవు, ఆవిరో గాలో ఉంటుంది. అప్పుడది ఉన్న వేడి కంటే తక్కువ చూపించొచ్చు. ఎర్ర గీత దాకా వెళ్లిన ముల్లు ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా కిందికి పడిందంటే ఇంజన్ చల్లబడిందని కాదు, లోపల నీళ్లు అయిపోయాయని అనుమానించాలి.

ఇక మూత. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఎండాకాలం చేతులు, మొహాలు కాల్చుకునేవాళ్లు కాల్చుకుంటూనే ఉంటారు. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. మూత మీద 0.9 అని ఉంటే 0.9 బార్ అని అర్థం. ఆ ఒత్తిడిలో వట్టి నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మీరు మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోతుంది, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి బయటికి చిమ్ముతుంది. కనీసం నలభై నిమిషాలు, ఎండ మండుతుంటే గంట ఆగండి. గుడ్డతో రేడియేటర్ పై హోస్ పైపును నొక్కి చూడండి. గట్టిగా ఉబ్బి ఉంటే ఇంకా టైం ఉంది. మెత్తగా నొక్కుడు పడితే, మందపాటి గుడ్డ వేసి పావు వంతు తిప్పి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాక అప్పుడు తీయండి. ఆలోగా ఫ్యాను రెక్కల దగ్గర చేతులు పెట్టొద్దు. ఎలక్ట్రిక్ ఫ్యాను తాళం తీసేశాక కూడా దానంతటదే తిరగడం మొదలెట్టొచ్చు.

చల్లారాకే నీళ్లు, అవి కూడా కొంచెం కొంచెంగా. కాలిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్డో బ్లాకో పగిలే ప్రమాదం ఉంది. తాగే నీళ్ల బాటిల్ ఉంటే అదే పోయండి. బోరు నీళ్లు ఆఖరి మాట. పోయాల్సి వస్తే పోయండి గానీ, ఇల్లు చేరాక తీయించేయాలని గుర్తుపెట్టుకోండి.

జాతీయ రహదారి మీద ఇరుక్కుంటే, అది చెన్నై–కోల్‌కతా రోడ్డైనా హైదరాబాద్ రోడ్డైనా, 1033కి ఫోన్ చేయండి. హైవే హెల్ప్‌లైన్ అది, 24 గంటలూ పనిచేస్తుంది. మీ ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఓసారి తీసి చూడండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని ఒక లైను ఉంటుంది. దానికి డబ్బు కట్టినవాళ్లలో చాలామందికి అది ఉన్న సంగతే తెలియదు. ప్రైవేటు క్రేన్‌కి ఇచ్చే డబ్బుతో సగం రిపేరు అయిపోతుంది.

అసలది కూలెంటేనా?

ఎండాకాలం కారు కింద నీళ్లు కనబడితే ముందు ఏసీని అనుమానించాలి. ఏసీ నీళ్లు ఎడమ పక్క, ముందు సీటు కూర్చునే చోటు కిందుగా కారతాయి. రంగుండదు, వాసనుండదు, వేళ్ల మధ్య రుద్దితే వట్టి నీళ్లలాగే ఉంటాయి. అది జబ్బు కాదు. కూలెంట్ అయితే వేళ్లకు జిడ్డుగా, జారుడుగా తగులుతుంది, కొంచెం తీపి వాసన వేస్తుంది. రుచి మాత్రం చూడకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, కిడ్నీలను పాడు చేస్తుంది. తియ్యగా ఉంటుంది కాబట్టే వీధి కుక్కలు నాకుతాయి, పిల్లలు చెయ్యి పెడతారు. నేల మీద పడ్డదాన్ని ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తేసి, ఆ చోట నీళ్లతో బాగా కడగండి.

రాత్రి బండి ఆపాక ఇంజన్ కింద ఒక అట్టముక్క పరిచి దాని మీద న్యూస్‌పేపర్లు వేయండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో పేపరు మీద పెన్నుతో గుర్తు పెట్టుకోండి. పొద్దున్నే చూస్తే మరక ముందుభాగంలో బంపర్ వెనకే ఉందా, ఇంజన్ మధ్యలో ఉందా, బెల్టులుండే పక్కకు ఉందా తెలుస్తుంది. బంపర్ వెనకైతే రేడియేటరో దాని పైపులో. బెల్టుల పక్కనైతే వాటర్ పంప్ మీద అనుమానం. పేపరు పొడిగా ఉండి, బానెట్ కింద కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు మాత్రం రోజూ తగ్గుతుంటే, వేడెక్కినప్పుడు మాత్రమే కారుతూ ఉండాలి, లేదా లోపలికి పోతూ ఉండాలి.

డబ్బాకున్న ఫుల్, లో గీతల పక్కన మార్కర్‌తో ఈరోజు మట్టం గీసి తేదీ రాయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, బండి సమతలం మీద ఉన్నప్పుడే చూడాలి. నెలకు ఒక వేలు మందం తగ్గితే తొందరేమీ లేదు, జీతం వచ్చాక చేయించుకోవచ్చు. వారానికి ఆ మాత్రం తగ్గితే ఈ వారమే వెతకాలి. రోజూ పోయాల్సి వస్తుంటే ఆ బండితో కాజ టోల్‌గేట్ కూడా దాటకండి.

చవక నుంచి ఖరీదు దాకా, వరసగా వెతకడం

ఇంజన్ పూర్తిగా చల్లారిన పొద్దుట మొదలుపెట్టండి. మొదట మూత. తీసి తిరగేసి చూడండి. కింద రబ్బరు వాషర్ ఉంటుంది, దాని మధ్యలో చిన్న ఇత్తడి బిళ్లలాంటి వాల్వు ఉంటుంది. రబ్బరు పగుళ్లు తీసినా, గట్టిపడినా, అంచున సున్నం పట్టినా మూత పోయినట్టే. చిన్న వాల్వును గోటితో లాగితే కదిలి మళ్లీ మూసుకోవాలి. ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోకి పోయిన నీళ్లను వెనక్కి లాక్కునేది అదే. అది బిగుసుకుపోతే విచిత్రంగా ఉంటుంది: డబ్బా నిండా నీళ్లుంటాయి, రేడియేటర్ మాత్రం ఖాళీగా ఉంటుంది. రోజూ డబ్బా చూసి "నిండుగానే ఉందిగా" అనుకునేవాళ్ల బండ్లు మరిగేది ఇలాగే. అందుకే నెలకోసారైనా చల్లటి ఇంజన్ మీద మూత తీసి రేడియేటర్ లోపలికి తొంగి చూడండి. కొన్ని బండ్లకు రేడియేటర్ మీద మూత ఉండదు, డబ్బా మూతే ఒత్తిడి మూత. అలాంటి బండ్లలో డబ్బాకు వెంట్రుకంత పగులున్నా లీకే.

తర్వాత క్లిప్పులు, పైపులు. టార్చి వేసి ప్రతి పైపు చివరా చూడండి. తాజా తడి కనబడకపోయినా ఫర్వాలేదు, ఎండిన గుర్తు కనబడుతుంది. కూలెంట్ కారి ఆరిన చోట తెల్లగానో పచ్చగానో పొక్కు కడుతుంది. పైపు కింది అంచున, చేతికి అందని వైపునే ఎక్కువగా ఉంటుంది, కాబట్టి చిన్న అద్దమో ఫోన్ కెమెరానో కిందికి పెట్టి ఫొటో తీయండి. పైపును నొక్కి చూడండి. మంచి రబ్బరు మెత్తగా నొక్కుకుని తిరిగి లేస్తుంది. పాతబడ్డది చివర్ల దగ్గర పగుళ్లు తెరుచుకుని చిటపటమంటుంది. లేదా ఆయిల్ పడి నాని, సోలిపోయినట్టు మెత్తబడి ఉంటుంది. రెండూ మార్చాల్సినవే. పై పైపు, కింది పైపు రెండే కాదు, హీటర్‌కు పోయే సన్న పైపులు, ఇంజన్‌కు గాలి పంపే థ్రాటిల్ బాడీకి పోయే ఇంకా సన్న పైపులు కూడా ఉంటాయి. అందరూ మర్చిపోయేవి అవే.

రేడియేటర్ ఇప్పటి కార్లలో మధ్యలో అల్యూమినియం, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులు. ఆ రెండింటినీ కలిపే మడత అంచు వెంబడి రబ్బరు ఉంటుంది. అక్కడ తడి, పొక్కు చూడండి. ప్లాస్టిక్ నల్లగా కాక గోధుమ రంగుకు తిరిగి, చిట్లినట్టుంటే దానికి వయసైపోయింది. అడుగున డ్రెయిన్ ప్లగ్ కూడా చూడండి, కొన్నిసార్లు దాన్ని చేత్తో పావు వంతు బిగిస్తే లీకు ఆగిపోతుంది.

వాటర్ పంప్‌కు కింద ఒక చిన్న కన్నం ఉంటుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిందే. లోపలి సీల్ పోతే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ కన్నంలోంచి బయటికి వస్తాయి. దాని కింద రంగు చార కనబడితే పంప్ కాలం దగ్గరపడిందన్నమాట. ఆ కన్నాన్ని ఎంసీల్‌తో మూసేసిన ఘనులు కూడా ఉన్నారు. అప్పుడు నీళ్లు బేరింగులోకి పోయి పంప్ పట్టేస్తుంది, బెల్టు తెగుతుంది.

కారు లోపల కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా, తీపి వాసనగా ఉండి, ముందు అద్దానికి జిడ్డు పొర పడుతుంటే హీటర్ కోర్. దాన్ని తీయాలంటే చాలా బండ్లలో డాష్‌బోర్డు ఊడదీయాలి. డబ్బు లేనప్పుడు ఒక ఉపాయం: మన ప్రాంతంలో హీటర్‌తో పనే లేదు కాబట్టి, ఇంజన్ వైపు హీటర్ పైపులు రెండింటినీ ఊడదీసి ఒకదానితో ఒకటి కలిపేయమనండి. ఒక పైపు ముక్క, రెండు క్లిప్పుల ఖర్చు. నష్టం ఒక్కటే, రోడ్డు మీద వేడెక్కినప్పుడు హీటర్ వేసుకునే వీలుండదు.

బయటెక్కడా కనబడకపోతే హెడ్ గ్యాస్కెట్ పరీక్ష. చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేయించి చూడండి. మొదట్లో వచ్చే నాలుగు బుడగలు లెక్క కాదు, ఆగకుండా బుడబుడమంటూ వస్తుంటే గ్యాస్ నీళ్లలోకి దిగుతోంది. స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడినా అదే అర్థం. ఆయిల్ మూత కింద పాలు ఎక్కువైన టీ రంగు జిగురు ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి. సైలెన్సర్‌లోంచి వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తుంటే సిలిండర్‌లోకి పోతున్నాయి. వీటిలో ఏది కనబడినా బండి ఇక నడపొద్దు. ఇక్కడ టేపులు, మందులు పనిచేయవు.

ఒక్కోసారి లీకే ఉండదు. ఫ్యాను తిరగక మరిగి, డబ్బాలోంచి పొంగి పోతూ ఉంటుంది. ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడండి, చాలా బండ్లలో కాసేపట్లో ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే. వందా రెండొందలతో పోయేదానికి రేడియేటర్ మార్పించుకున్నవాళ్లున్నారు.

ఆటోనగర్లో ప్రెజర్ టెస్ట్

ఇంట్లో దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌కో గుంటూరు ఆటోనగర్‌కో వెళ్లండి, కానీ రిపేరుకు కాదు, టెస్టుకు. మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా గాలి కొడతారు. 0.9 బార్ అంటే సుమారు 13 పీఎస్ఐ. పది, పదిహేను నిమిషాలు ముల్లు నిలిస్తే బయట లీకు లేనట్టు. ముల్లు దిగుతుంటే ఇంజన్ ఆపి ఉన్నా, చల్లగా ఉన్నా నీళ్లు ఎక్కడో బయటికి రావాలి. అప్పుడు టార్చి మీ చేతిలో ఉండాలి. "అన్నా, ముందు ఎక్కడ కారుతుందో నాకు చూపించు, రేటు తర్వాత మాట్లాడుకుందాం" అని నవ్వుతూనే చెప్పండి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు. వెంటనే రేడియేటర్ పోయిందని తేల్చేసేవాడి దగ్గర్నుంచి ఇంకో సందులోకి వెళ్లండి, ఆటోనగర్లో సందులకు కొదవేముంది!

తాత్కాలికంగా ఆపే పనులు, పోసే పసుపు

పైపు చివర, క్లిప్పు దగ్గరే పగిలి, పైపుకు కొంచెం పొడవు మిగిలి ఉంటే ఆ పగిలిన ముక్కను అడ్డంగా కోసేసి మళ్లీ ఎక్కించి బిగించండి. ఇది చాలా రోజులు నిలుస్తుంది. పైపు మధ్యలో పగిలితే తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు చుట్టండి, బాగా సాగదీసి, పగులుకు అటూ ఇటూ రెండు అంగుళాల దాకా. టేపు దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి బిగుతుగా చుట్టి రెండు క్లిప్పులు వేయండి. షెడ్డు దాకా చేరుస్తుంది, అంతకుమించి ఆశించొద్దు.

ప్లాస్టిక్ ట్యాంకు పగులుకు ఎంసీల్ పనిచేస్తుంది, ఒక షరతు మీద: నీళ్లు దించేసి, ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, జిడ్డు లేకుండా తుడిచి, ఎండబెట్టి అప్పుడు పెట్టాలి. తడి మీద పెడితే ఊడిపోతుంది. పూర్తిగా గట్టిపడేదాకా బండి కదలకూడదు. ఇవన్నీ వేసినా మూతను పూర్తిగా బిగించకుండా మొదటి గాటు దగ్గర వదిలేస్తే లోపల ఒత్తిడి తగ్గి లీకు నెమ్మదిస్తుంది. కానీ ఒత్తిడి లేకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి, కాబట్టి నాలుగైదు కిలోమీటర్లు, ఏసీ లేకుండా, నెమ్మదిగా, ముల్లు మీద కన్నేసి.

లారీ డ్రైవర్లు రేడియేటర్‌లో పసుపు వేయడం మీరు వినే ఉంటారు. దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే ఉంది కాబట్టి మనకు పసుపు కొరత లేదు గానీ, నా మాట వేయొద్దనే. సూది మొనంత కన్నం పూడుతుంది, నిజమే. పూడ్చే ఆ పొడికే ఏది కన్నమో ఏది గొట్టమో తెలియదు. రేడియేటర్ గొట్టాలు, హీటర్ కోర్ సందులు ఎంత సన్నగా ఉంటాయో చూస్తే పోసే చెయ్యి ఆగుతుంది. పాత లారీలకు వెడల్పాటి ఇత్తడి గొట్టాలుండేవి, వాటికి చెల్లింది. కోడిగుడ్డు సొన సంగతీ అంతే. డబ్బాల్లో అమ్మే స్టాప్‌లీక్ మందు కాస్త నయం, కానీ అది కూడా రేడియేటర్ ఎలాగూ మారుస్తారనే ఖాయమైన రోజున, ఊరు చేరడానికి వాడే వస్తువు. పైపులకూ, పంప్‌కూ, గ్యాస్కెట్‌కూ దాన్ని నమ్ముకోకండి.

అసలు రిపేరు, జేబును బట్టి

అయిదొందల లోపే ఉందా? మూత, క్లిప్పులు. మూత కొనేటప్పుడు పాతదాని మీదున్న అంకెనే అడగండి. 0.9 ఉన్నచోట 1.1 పెడితే గట్టిగా ఆపుతుందని కొందరంటారు. అది పాత పైపుల్ని, ట్యాంకుల్ని పగలగొడుతుంది. క్లిప్పుల్లో స్ప్రింగ్ రకం పాతవి బాగుంటే వాటినే వాడండి, వేడికి పైపుతో పాటు సర్దుకుంటాయి. స్క్రూ క్లిప్పు పెడితే రబ్బరు అంచు కొద్దిగా ఉబ్బేదాకా చాలు. బలం చూపిస్తే పైపు కోసుకుపోతుంది, ప్లాస్టిక్ మెడ విరుగుతుంది.

వెయ్యీ రెండువేలుంటే పైపులు, కూలెంట్. పైపు మీ బండి మోడల్‌దే, అదే వంపుతో ఉన్నదే కొనండి. తిన్నటి పైపును వంచి పెడితే మడత పడి నీళ్ల దారి మూసుకుంటుంది. ఎక్కించే ముందు మెడ మీద పట్టిన తెల్ల పొక్కును ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దండి. కొత్త పైపు వేసినా కారుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ పొక్కే. పై పైపు పగిలితే కింది పైపుకూ అదే వయసు. వీలైతే రెండూ కలిపే మార్చండి, కూలెంట్ ఒక్కసారే దించుతారు.

అంతకుమించితే రేడియేటరో పంపో. రేడియేటర్ వర్క్‌షాపుల్లో కొలిమి పనిచేసేవాళ్లు పాతకాలం రాగి, ఇత్తడి రేడియేటర్లను చక్కగా మాటేస్తారు. అల్యూమినియానికి ఆ మాటు పట్టదు, దానికి వేరే వెల్డింగు కావాలి, సన్నటి గొట్టాల మీద అది ఎక్కువ రోజులు నిలవదు. మడత అంచు దగ్గర మాత్రమే కారుతుంటే లోపలి రబ్బరు మార్చి మళ్లీ నొక్కించవచ్చు, అది చవక. చేయించాక మీ ఎదురుగానే తొట్టెలో ముంచి గాలి కొట్టించండి. నీళ్ల కింద ఒక్క బుడగ కూడా లేవకూడదు. బుడగ వస్తే డబ్బివ్వొద్దు. చిన్న కార్లకు కంపెనీ బయటి బ్రాండ్ల కొత్త రేడియేటర్ ఇంచుమించు రెండు నుంచి అయిదు వేలలో దొరుకుతుంది, మోడల్‌ను బట్టి. రిపేరు ఖర్చు కొత్తదాంట్లో సగం దాటితే కొత్తదే నయం. పాత సామాన్ల షాపులో సెకండ్‌హ్యాండ్ రేడియేటర్ కొనొద్దు, దాని ప్లాస్టిక్‌కు మీదానికున్నంత వయసే ఉంటుంది. ఫ్యాను మోటారు, డబ్బా లాంటివైతే అక్కడ కొనండి, డబ్బు మిగులుతుంది.

వాటర్ పంప్ టైమింగ్ బెల్ట్ వెనక ఉండే బండి అయితే, పంప్‌తో పాటు బెల్టు కూడా మార్పించండి. కూలీ ఒకటే, సామాను ఖర్చు మాత్రమే అదనం.

ఈ పనుల మధ్యలో మెకానిక్ ఒక సలహా ఇస్తాడు: "మన ఎండలకు వాల్వు ఎందుకు సార్, తీసి పారేద్దాం." ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు గురించి అతని మాట. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ హైవే మీద తన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలోనే తిరిగి, ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. పోతే కొత్తది వేయించండి, మూడు నాలుగొందల నుంచే దొరుకుతుంది. తీసింది పాతదైతే, మరుగుతున్న నీళ్లలో వేసి తెరుచుకుంటుందో లేదో చూసి తేల్చుకోవచ్చు. వంటకు వాడే గిన్నె మాత్రం తీయకండి.

ఏ సామాను మార్చినా పాతది ఇమ్మని ముందే చెప్పండి. కొత్తదాని డబ్బా మీద ఎమ్మార్పీ చూడండి.

నింపడం, గాలి తీయడం

"మనకేమన్నా మంచు పడుతుందా, కూలెంట్ ఎందుకు" అనే వాదన మన జిల్లాల్లో గట్టిగా ఉంది. కూలెంట్ పని గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే కాదు. మరిగే డిగ్రీని పెంచుతుంది, అంతకంటే ముఖ్యంగా అల్యూమినియాన్ని, ఇనుమును తుప్పు తినేయకుండా కాపాడే మందు అందులో ఉంటుంది. బోరు నీళ్లు పోస్తే ఆ ఉప్పు, సున్నం లోపల గారలా పట్టి, రేడియేటర్‌ను కొన్నాళ్లకు మూసేస్తాయి.

డబ్బు ఆదా కావాలంటే కాన్సన్‌ట్రేట్ కొని, డిస్టిల్డ్ వాటర్ మీరే కలుపుకోండి. బ్యాటరీ షాపులో, పెట్రోలు బంకులో దొరుకుతుంది. బ్యాటరీ నీళ్లని అడగండి, యాసిడ్ కాదు. సగం సగం కలపడం పద్ధతి. మరీ కటకటైతే ఒక వంతు కాన్సన్‌ట్రేట్‌కు రెండు వంతుల నీళ్లు, అంతకంటే పలచన చేస్తే తుప్పు ఆపే శక్తి చాలదు. చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు; నీళ్లే వేడిని బాగా మోస్తాయి. చిన్న కార్లలో మొత్తం నాలుగైదు లీటర్లు పడుతుంది, మాన్యువల్‌లో సరిచూసుకోండి. డబ్బా మీద రెడీమిక్స్ అని ఉందా కాన్సన్‌ట్రేట్ అని ఉందా తప్పకుండా చదవండి. రెడీమిక్స్‌లో మళ్లీ నీళ్లు కలిపి మోసపోయేవాళ్లు ఎక్కువ. రంగు చూసి కలపొద్దు, పచ్చదంతా ఒకటి కాదు. మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయండి. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురులా పేరుకుంటుంది.

ముందుభాగం ఎత్తుగా ఉండేలా బండిని చిన్న ఎత్తు మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. హీటర్ పూర్తి వేడి మీద ఉంచండి. సన్నటి ధారగా పోస్తూ, మధ్యమధ్యలో పై పైపును పిసుకుతూ ఉంటే బుడగలు బయటికి వస్తాయి. గాలి తీసే స్క్రూ ఉన్న బండ్లలో దాన్ని వదులు చేసి, బుడగలు లేకుండా నీళ్లు వచ్చాక బిగించండి. నిండాక స్టార్ట్ చేసి, మట్టం దిగేకొద్దీ పోస్తూ, నీళ్లు పైకి పొంగడం మొదలవగానే మూత పెట్టేయండి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి. ముల్లు పైకి పోతోంది, హీటర్ గాలి మాత్రం చల్లగా వస్తోందంటే లోపల గాలి చిక్కుకుందని అర్థం. ఆపి, చల్లార్చి, మళ్లీ మొదట్నుంచి.

మర్నాడు పొద్దున మట్టం కొంచెం దిగి ఉంటుంది. అది కొత్త లీకు కాదు, మిగిలిన గాలి బయటికి పోయింది. ఫుల్ గీత దాకా పోసి తేదీ రాయండి. వారం నడిచాక చల్లటి ఇంజన్ మీద స్క్రూ క్లిప్పులు ఓసారి చూసి, వదులైతే పావు తిప్పు బిగించండి. కొత్త రబ్బరు వేడికి కొంచెం నలుగుతుంది. న్యూస్‌పేపర్ పరీక్ష కూడా మళ్లీ చేయండి. దించిన పాత కూలెంట్‌ను ఏలూరు కాలవలోనో ఇంటి ముందు డ్రైనేజీలోనో పోయొద్దు. పాత క్యాన్‌లో పోసి, మూత బిగించి, పైన "విషం" అని రాసి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డు వాళ్లు తీసుకుంటారేమో అడిగి అక్కడివ్వండి. డిక్కీలో కలిపిన కూలెంట్ రెండు లీటర్లు, రెండు క్లిప్పులు, స్క్రూడ్రైవర్, సిలికాన్ టేపు, మందపాటి పాత టవల్ పడేసి ఉంచండి.